మురుగులోని కరెంటు ఎటు పోయింది?

మురుగునీటి శుద్ధి కేంద్రంలో అన్నిటికన్నా ఎక్కువ కరెంటు తాగేవి బ్లోయర్లు. రాత్రీపగలూ తొట్లలోకి గాలి కొడుతుంటే, ఆ గాలి పీల్చుకుని సూక్ష్మజీవులు మురికిని తింటాయి. 1914లో మాంచెస్టర్‌లో ఆర్డెర్న్, లాకెట్ చూపించిన పద్ధతి ఇది.

గాలి తగలకుండా మూసిపెడితే అదే మురికి గ్యాసవుతుంది, ఆ గ్యాసుతో ఇంజిన్ నడిపి కరెంటు తీయొచ్చు. మన గోబర్ గ్యాస్ లెక్కే. ఈ కిటుకు ఇంకా పాతది. ఇంగ్లండ్‌లోని ఎక్సెటర్‌లో 1890లలోనే సెప్టిక్ ట్యాంకు గ్యాసుతో దీపాలు వెలిగించారు. బొంబాయి మాటుంగాలోని కుష్ఠు ఆశ్రమంలో 1897లో గ్యాసు పట్టే ఏర్పాటు చేశారు.

గంగా కార్యాచరణ ప్రణాళిక కింద 1989లో కాన్పూర్ జాజ్‌మౌలో డచ్ సాయంతో రోజుకు 50 లక్షల లీటర్ల యూఏఎస్‌బీ ప్లాంటు, అంటే గాలి లేకుండానే మురుగును శుద్ధి చేసే ప్లాంటు, మొదలైంది. నీళ్లు అడుగునుంచి బురద పొరగుండా పైకి వస్తాయి. బ్లోయర్లే అక్కర్లేదు, పైగా గ్యాసు దక్కుతుంది. మూసీ ఒడ్డున అంబర్‌పేటలో రోజుకు 33.9 కోట్ల లీటర్ల ప్లాంటుకూ ఇదే పద్ధతి ఎంచుకున్నారు. కానీ మన మురుగు పలచన, గ్యాసు తక్కువే పుడుతుంది. పుట్టిన గ్యాసులో కొంత నీళ్లలో కరిగి బయటికి పోతుంది. మిగిలినదాంట్లో కుళ్లిన గుడ్డు వాసన కొట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ ఉంటుంది. దాన్ని కడగకుండా ఇంజిన్‌లోకి వదిలితే ఆయిల్‌లో ఆమ్లం చేరుతుంది, బేరింగులు తినేస్తుంది.

సూరత్ వేరే దారి పట్టింది. ముందు తొట్టిలో పేరుకున్న చిక్కటి బురదను డైజెస్టర్ అనే గాలి చొరని తొట్టిలో వేసి, 2003లో అంజనా ప్లాంటులో అర మెగావాట్ ఇంజిన్ నడిపింది. చెన్నై కొడుంగైయూర్, కోయంబేడు ప్లాంట్లదీ ఇదే బాట.

అంతలో నిబంధనలు బిగిశాయి. 2019లో జాతీయ హరిత ట్రిబ్యునల్ శుద్ధి చేసిన నీళ్లలో బీఓడీ, అంటే మిగిలిన మురికిని తినడానికి సూక్ష్మజీవులకు పట్టే ఆక్సిజన్, లీటరుకు 10 మిల్లీగ్రాములు దాటకూడదంది. నీళ్లు బాగా తేరాలి, స్థలం తక్కువ పట్టాలి. అందుకే ఒకే తొట్టిలో వంతులవారీగా గాలి కొట్టి, బురద పేరనిచ్చి, నీళ్లు తేర్చే ఎస్‌బీఆర్ పద్ధతికి గిరాకీ. హైదరాబాద్‌లో 2021లో తలపెట్టిన 31 కేంద్రాలదీ అదే పద్ధతి. తప్పుపట్టలేం, నది బాగుపడాలంటే నీళ్లే ముఖ్యం. అయితే ఇందులో ముందుగా బురద తీసే తొట్టి సాధారణంగా ఉండదు. గంటల తరబడి గాలి కొట్టాక మిగిలేది సగం తినేసిన బురద. డైజెస్టర్‌లో వేసినా గ్యాసు అంతంతమాత్రమే.

ఆస్ట్రియాలోని స్ట్రాస్ కేంద్రం 2005 నాటికే తన అవసరాన్ని మించి కరెంటు తీసింది. మురికిలో ఎక్కువ భాగాన్ని మొదటి అంచెలోనే, గాలికి అరగకముందే, బురదగా లాగి డైజెస్టర్‌కు పంపుతారక్కడ.