కౌన్సెలింగ్ అంటే రాజీ అని ఎందుకు అనుకుంటాం

తెలిసినావిడ ఒకరికి మొగుడి వ్యవహారం ఫోన్లో దొరికింది. కపుల్ థెరపీకి, అంటే మొగుడూ పెళ్ళాలిద్దరికీ కలిపి చేసే కౌన్సెలింగ్‌కి వెళ్ళండి అని ఎవరో చెబితే ఆవిడ అన్న మొదటి మాట, "మళ్ళీ నన్నే సర్దుకోమంటారా?" అని. ఆ అనుమానం ఊరికే రాలేదు.

మన దగ్గర ఇలాంటివి ముందు పెద్దమనుషుల్లో పెట్టేవాళ్ళు. చిన్నప్పుడు మా వీధిలో ఒకసారి చూశా, అరుగు మీద మగాళ్ళంతా కూచున్నారు, భార్య తలుపు చాటున నిలబడింది, మొగుడు తలొంచుకుని "ఇంకెప్పుడూ వెళ్ళను" అన్నాడు, పావుగంటలో కాఫీలు వచ్చేశాయి, పంచాయితీ అయిపోయింది. ఎందుకు వెళ్ళావని గానీ, ఆవిడకి రాత్రుళ్ళు నిద్ర పడుతోందా అని గానీ ఒక్కరూ అడగలా.

చట్టం ఏమన్నా మెరుగా అంటే అదీ లేదు. 1860 నాటి ఐపీసీ 497 ప్రకారం ఇంకొకడి భార్యతో సంబంధం పెట్టుకున్నవాడికి ఐదేళ్ళ దాకా జైలు, కానీ ఆ భర్త ఒప్పుకునుంటే నేరమే కాదు, ఇక తన మొగుడు బయట తిరిగితే భార్య కేసు పెట్టడానికే లేదు. ఆస్తి మీద పడ్డ దొంగ లెక్క అన్నమాట! ఐపీసీకి మెకాలే తయారుచేసిన 1837 ముసాయిదాలో ఇది లేదు, తర్వాత చేర్చారు. 1954లో, 1985లో సుప్రీంకోర్టు దీన్ని నిలబెట్టింది, చివరికి 2018 సెప్టెంబర్ 27న జోసెఫ్ షైన్ కేసులో ఐదుగురు జడ్జీలు కొట్టేశారు. జైలు పోయింది గానీ విడాకులకి కారణంగా మాత్రం ఇప్పటికీ ఉంది.

కౌన్సెలింగ్ అనే మాట మన నోట్లోకి ఎక్కువగా వచ్చింది కోర్టుల నుంచి, స్టేషన్ల నుంచి (ఇంజనీరింగ్ సీట్ల కౌన్సెలింగ్ సంగతి వేరే). 1984 ఫ్యామిలీ కోర్టుల చట్టం ముందు రాజీకి ప్రయత్నించమంటుంది, పేపర్లో చూస్తే తాగి బండి నడిపినవాడికీ "కౌన్సెలింగ్ ఇచ్చి పంపించారు" అనే ఉంటుంది, అంటే మందలింపు. ఇంక జనం వేరేగా ఎలా అనుకుంటారు?

అమెరికాలో మొదలైందీ దాదాపు ఇలాగే. 1930లో లాస్ ఏంజెలెస్‌లో మ్యారేజ్ కౌన్సెలింగ్ సెంటర్ పెట్టిన పాల్ పోపెనో సైకాలజిస్టే కాదు, అంతకుముందు ఖర్జూరం సాగు మీద పుస్తకం రాసినాయన, "మంచి జాతి" కుటుంబాలు విడిపోకూడదనే యూజెనిక్స్ పిచ్చి ఉన్నాయన. కాపురం నిలబెట్టడమే లక్ష్యం, సలహా ఎక్కువగా భార్యకే. మన అరుగే, కాకపోతే సోఫా వేశారు.

మార్పు తెచ్చినవాళ్ళలో నాకు నచ్చింది షర్లీ గ్లాస్ అనే అమెరికన్ సైకాలజిస్టు. "నువ్వు సరిగ్గా చూసుకునుంటే వాడెందుకు వెళ్తాడు" అంటారు చూడండి, దానికి ఆవిడ 1980ల పరిశోధనే జవాబు. బయట సంబంధం ఉన్న మగాళ్ళలో సగానికి పైనే తమ కాపురం సంతోషంగానే ఉందన్నారు! గోడలు, కిటికీలు అని ఆవిడ ఒక పోలిక చెప్పేది, భార్యాభర్తల మధ్య కిటికీ, బయటివాళ్ళకి గోడ ఉండాలి, అఫైర్ ముదిరేసరికి కిటికీ అటు తిరిగి గోడ ఇంట్లో లేస్తుంది.

తర్వాత స్నైడర్, బాకమ్, గోర్డన్ అనే ముగ్గురు సైకాలజిస్టులు అఫైర్ తర్వాత చేసే థెరపీని దెబ్బ తగిలిన మనిషికి చేసే వైద్యంలా పద్ధతిగా మూడు దశల్లో పెట్టారు. ఫోన్ మోగితే గుండె దడదడలాడటం, అదే సీను పదేపదే కళ్ళ ముందుకి రావడం, ఇది అనుమానపు జబ్బు కాదు, దెబ్బ లక్షణమే అని ముందు ఇద్దరికీ చెబుతారు. తర్వాత ఎలా జరిగిందో, ఎందుకు జరిగిందో తవ్వుతారు. కలిసుండాలా విడిపోవాలా అన్నది ఆఖర్న, విడిపోయినా ఫెయిలయినట్టు కాదు.

మన దగ్గర ఇంకో చిక్కుంది. క్లినికల్ సైకాలజిస్టులకి ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ ఉంటుంది గానీ మ్యారేజ్ కౌన్సెలర్ అని బోర్డు పెట్టేవాళ్ళలో అందరికీ అది ఉండదు, అడిగి చూసుకోవాలి.

మొదట చెప్పిన తెలిసినావిడ ఇంకా వెళ్ళలేదు. అపాయింట్‌మెంట్ మాత్రం తీసుకుంది, శనివారం పదకొండున్నరకి. అత్తగారికి పంటి డాక్టర్ దగ్గరికని చెప్పిందట.