తుపాకీ దించి కలం పట్టారా? డ్యానీ మోరిసన్ గురించి అపోహలు - వాస్తవాలు

విదేశీ వార్తల డెస్క్‌లో మాకు ఓ అలవాటుంది. ఐర్లాండ్ మీద వచ్చిన వ్యాసం చివర "షిన్ ఫేన్ మాజీ నేత, రాజకీయ విశ్లేషకుడు" అని ఒక ముక్క తగిలించి పేజీ వదిలేస్తాం. షిన్ ఫేన్ అంటే ఉత్తర ఐర్లాండ్‌ను బ్రిటన్ నుంచి విడదీసి ఐర్లాండ్ మొత్తాన్ని ఒక్కటి చేయాలనే రిపబ్లికన్ పార్టీ. ఒకప్పుడు దాని ప్రచారం చూసిన రచయిత డ్యానీ మోరిసన్ లాంటి వాళ్ల విషయంలో ఆ ఒక్క ముక్కే చాలా అపోహలకు మూలం.

అపోహ: ఉద్యమం వదిలేశాక రచయిత అయ్యారు.

వాస్తవం: ఆయన చేతిలో కలం మొదట్నుంచీ ఉంది. ఉత్తర ఐర్లాండ్ రాజధాని బెల్‌ఫాస్ట్‌లో 1953లో పుట్టారు. 1972లో విచారణ లేకుండా లాంగ్ కెష్ శిబిరంలో నిర్బంధించారు. 1975కల్లా ఉద్యమ పత్రిక "రిపబ్లికన్ న్యూస్" సంపాదకుడు. 1979 నుంచి 1990 దాకా షిన్ ఫేన్ ప్రచార బాధ్యుడు. మొదటి నవల 1989లోనే, అంటే 1990 అరెస్టుకు ముందే వచ్చింది. మారింది వృత్తి కాదు, హోదా.

అపోహ: వి.వి. గిరి డబ్లిన్‌లో చదువుకునేటప్పుడు అభిమానించిన షిన్ ఫేన్ ఇదే.

వాస్తవం: పేరు అదే. కానీ మధ్యలో ఎన్నో చీలికలు. మోరిసన్‌ది 1970 చీలికలో పుట్టిన, సాయుధ పోరాటాన్ని సమర్థించిన ప్రొవిజనల్ వర్గం.

అపోహ: "ఒక చేతిలో బ్యాలెట్, ఒక చేతిలో ఆర్మలైట్" (ఆర్మలైట్ అంటే ఓ రకం రైఫిల్) అనేది పార్టీ ముందే కూర్చుని రాసుకున్న నినాదం.

వాస్తవం: 1981 అక్టోబరు చివర్లో, పార్టీ మహాసభ వేదిక మీద మోరిసన్ నోటి నుంచి వచ్చిన మాట అది. అదీ ప్రశ్న రూపంలో. బ్యాలెట్ పెట్టెతోనే యుద్ధం గెలుస్తామని ఇక్కడ ఎవరైనా నిజంగా నమ్ముతున్నారా అని ముందు అడిగి, ఈ చేతిలో బ్యాలెట్ పేపరు, ఈ చేతిలో ఆర్మలైట్ పట్టుకుని అధికారంలోకి వస్తే ఎవరికైనా అభ్యంతరమా అన్నారు. ఎదురుగా ఉన్నది ఎన్నికలంటేనే అనుమానపడే కార్యకర్తలు. మొదటి ప్రశ్న వాళ్లను బుజ్జగించడానికే. మనం రెండో సగం మాత్రం కోట్ చేసి, అసలు ఎవర్ని ఒప్పిస్తున్నారో వదిలేస్తాం.

అపోహ: గెలిచారు కాబట్టి సభలో కూర్చున్నారు.

వాస్తవం: 1982లో మిడ్ అల్స్టర్ నుంచి ఉత్తర ఐర్లాండ్ అసెంబ్లీకి గెలిచి, బ్రిటిష్ పాలన కింది సభల్లో కూర్చోకూడదన్న పార్టీ విధానం ప్రకారం అడుగు పెట్టలేదు. మరుసటి ఏడాది అక్కడే బ్రిటిష్ పార్లమెంటుకు పోటీ చేసి 78 ఓట్లతో ఓడిపోయారు.

అపోహ: బ్రిటిష్ నిషేధం వల్ల షిన్ ఫేన్ వాళ్లు టీవీలో కనిపించేవాళ్లు కాదు.

వాస్తవం: కనిపించేవాళ్లు, వినిపించేవాళ్లు కాదు. 1988 అక్టోబరు నుంచి 1994 సెప్టెంబరు దాకా ముఖం చూపించి, మాటలు మాత్రం నటుల చేత డబ్బింగ్ చెప్పించేవారు. పెదాలకు సింక్ కూడా బాగానే కుదిరించేవారట! అప్పటి ప్రచార బాధ్యుడికే టీవీలో సొంత గొంతు లేదన్నమాట.

అపోహ: 2008లో శిక్ష రద్దయింది కాబట్టి జైలుకు వెళ్లనట్టే.

వాస్తవం: ఒక పోలీసు ఇన్ఫార్మర్‌ను నిర్బంధించిన కేసులో 1990లో అరెస్టై, 1995లో బయటికి వచ్చారు. అప్పీలు కోర్టు తీర్పు వచ్చింది ఆ తర్వాత 13 ఏళ్లకు.

అపోహ: ఇప్పుడు పదవి లేదు కాబట్టి తటస్థుడు. లేదా, దీనికి పూర్తి విరుద్ధంగా: పార్టీ మనిషి కాబట్టి చదవడం దండగ.

వాస్తవం: రెండూ కాదు. రాజకీయ ఖైదీల హోదా కోసం జైల్లోని రిపబ్లికన్ ఖైదీలు చేసిన 1981 నిరాహార దీక్షనే తీసుకోండి. జూలై మొదటి వారంలో, అప్పటికి నలుగురు చనిపోయాక, ప్రభుత్వంతో తెరవెనుక మాటల సంగతి ఖైదీలకు చెప్పడానికి జైల్లోకి వెళ్లింది మోరిసనే. తర్వాత మరో ఆరుగురు చనిపోయారు. ఆ రోజుల్లో వచ్చిన ఆఫర్‌ను లోపల ఉన్నవాళ్లు ఒప్పుకున్నా బయటి నాయకత్వం తోసిపుచ్చిందని ఒక మాజీ ఖైదీ 2005లో ఆరోపించాడు. మోరిసన్ గట్టిగా ఖండించారు. ఆ గొడవ మీద ఆయన రాసింది తప్పకుండా చదవాలి, ఆ గదిలో ఉన్న మనిషి కాబట్టి. జాగ్రత్తగానూ చదవాలి, కారణం అదే. అందుకే దీక్ష మీద ఆయన వ్యాసం వేస్తే "విశ్లేషకుడు" అని సరిపెట్టను. "1981లో ఖైదీల తరఫున మాట్లాడిన వ్యక్తి" అని పేరు కిందే రాయిస్తాను, పేజీలో చోటు లేదని సబ్ ఎడిటర్ గొణిగినా సరే.