క్లౌడ్ పాయింట్ ఎక్స్‌ట్రాక్షన్: ల్యాబులో వినిపించే అపోహలు, అసలు సంగతులు

సముద్రపు నీళ్లలో కాడ్మియం, సీసం లాంటివి ఫ్లేమ్ ఏఏఎస్‌కు (మంటలో లోహాలను కొలిచే పరికరానికి) నేరుగా అందనంత తక్కువగా ఉంటాయి. ముందు వాటిని ఒకచోటికి పోగుచేయాలి. క్లోరోఫాం వాసన పీల్చకుండా ఆ పని చేసే దారి క్లౌడ్ పాయింట్ ఎక్స్‌ట్రాక్షన్: నీళ్లలో సర్ఫాక్టెంట్ (సబ్బులాంటి పదార్థం) కలిపి వేడిచేస్తే, ఒక ఉష్ణోగ్రత (క్లౌడ్ పాయింట్) దాటగానే మబ్బుపట్టి, లోహాన్ని పట్టుకున్న చిన్న పొరగా విడిపోతుంది. 1978లో జపాన్ శాస్త్రవేత్తలు వతనబే, తనకా జింకుతో చేసి చూపించారు. విశాఖ వాతావరణంలో చేసేవాళ్లకు మాత్రం దీనితో కొన్ని అదనపు చిక్కులున్నాయి.

అపోహ: ట్రైటాన్ ఎక్స్-114 (ఇక్కడ వాడే సర్ఫాక్టెంట్) స్టాకు తెల్లగా మసకబారితే పాడైనట్టే.

పాడవలేదు. దాని క్లౌడ్ పాయింటే 23-25 డిగ్రీల దగ్గర. ఏసీ లేని గది ఇక్కడ ఏడాదిలో ఎక్కువ రోజులు అంతకంటే వేడిగా ఉంటుంది కాబట్టి సీసాలోనే రెండు పొరలవుతుంది. స్టాకు పారబోస్తే పోయేది డబ్బే. చూసుకోకుండా పైపొర నుంచి పిపెట్ చేస్తే మాత్రం ఫలితమే పోతుంది: సర్ఫాక్టెంటంతా అడుగున ఉంటుంది, మీరు తీసింది దాదాపు నీళ్లే. రికవరీ (తిరిగి దొరికిన లోహం శాతం) పొద్దునకీ మధ్యాహ్నానికీ పొంతన లేకపోతే ముందు దీన్నే అనుమానించండి. 5 శాతం స్టాకును ఫ్రిజ్‌లో ఉంచి, వాడేముందు తేటపడేదాకా మంచునీళ్లలో తిప్పి, చల్లగా ఉండగానే కొలవండి. నమూనా కూడా 20 డిగ్రీల లోపే ఉంటే బాగా కలుస్తుంది.

అపోహ: లోహం తనంతట తానే మైసెల్స్‌లోకి (సర్ఫాక్టెంట్ అణువుల గుంపుల్లోకి) దూరిపోతుంది.

నీళ్లంటే ఇష్టపడే అయాన్ అక్కడికెందుకు పోతుంది? నీళ్లకు దూరంగా ఉండే కీలేట్‌గా (రియేజెంటు లోహాన్ని చుట్టి పట్టుకున్న సమ్మేళనంగా) మారాకే వెళ్తుంది. అందుకే పీహెచ్ సరిగా లేకపోతే మిగతాదంతా వృథా. సముద్రపు నీళ్లకు డీడీటీపీ అనే కీలేటింగ్ రియేజెంటు నయం. ఆమ్ల మాధ్యమంలోనే పనిచేస్తుంది, కాల్షియం, మెగ్నీషియంల జోలికి పోదు. పీహెచ్ బాగా పెంచాల్సిన రియేజెంట్లయితే మెగ్నీషియం హైడ్రాక్సైడ్ తెల్లగా దిగి మోసం చేస్తుంది.

పని వరుస ఇది. వడకట్టిన నమూనాలో ఆమ్లం, కీలేటింగ్ రియేజెంటు, 5 శాతం ట్రైటాన్ 1 మి.లీ. వేసి మొత్తం 50 మి.లీ. చేయండి. అప్పుడు ట్రైటాన్ 0.1 శాతం అవుతుంది. 40 డిగ్రీల వాటర్ బాత్‌లో 20 నిమిషాలు, 3500 ఆర్‌పీఎంలో 10 నిమిషాలు. మంచులో కాసేపు పెట్టి అడుగుపొర చిక్కబడగానే నీళ్లు ఒంపేయండి. మిగిలిన జిగురును 0.1 మోలార్ నైట్రిక్ ఆమ్లం కలిపిన మెథనాల్‌తో 0.5 మి.లీ. చేసి మంటలోకి పంపండి. పల్చబరచకుండా పంపితే నెబ్యులైజర్ (ద్రవాన్ని తుంపరగా మంటలోకి చిమ్మే భాగం) సరిగా పీల్చదు.

ఈ వరుసలో రెండు చోట్ల దెబ్బతింటారు. ఒకటి, రిఫ్రిజిరేటెడ్ సెంట్రిఫ్యూజ్‌ను 4 డిగ్రీల మీదే వదిలేయడం. విడిపోయిన పొర తిరిగే లోపే మళ్లీ కరిగిపోతుంది. రెండు, మంచులో మర్చిపోవడం. 5-10 నిమిషాలు చాలు. అంతకుమించితే అదే గతి, కదిపితే ఇంకా త్వరగా.

అపోహ: ట్రైటాన్ ఎంత ఎక్కువైతే అంత మంచిది.

పొర పెద్దదవుతుంది, గాఢత పడిపోతుంది, బ్లాంకు (లోహం లేని నమూనా చూపే విలువ) పెరుగుతుంది. ఉప్పు సంగతీ అంతే: కొంతవరకు క్లౌడ్ పాయింటును దించి సాయపడుతుంది, మరీ ఎక్కువైతే నీళ్లు బరువెక్కి పొర పైకి తేలుతుంది. వానాకాలం తర్వాత మన తీరపు నీళ్లలో ఉప్పు తగ్గుతుంది. కాబట్టి వేసవి నాటి కాలిబ్రేషన్‌ను అక్టోబరు నమూనాకు వాడకండి, స్టాండర్డ్ అడిషన్ (నమూనాలోనే తెలిసిన మోతాదు లోహం కలిపి కొలవడం) చేయండి. స్టాండర్డ్‌లనూ ఇదే వరుసలో నడిపించాలి.

అపోహ: నురగొచ్చేది ఏదైనా పనికొస్తుంది.

ఎస్‌డీఎస్ అనే సర్ఫాక్టెంట్‌ను ఎంత వేడిచేసినా మబ్బు పట్టదు. దానికి గాఢమైన ఆమ్లం కావాలి.

అపోహ: ఇది గ్రీన్ పద్ధతి, సింకులో పోసేయొచ్చు.

ద్రావకం తగ్గిన మాట నిజమే. కానీ ట్రైటాన్ క్షీణిస్తే వచ్చే ఆక్టైల్‌ఫినాల్ జీవుల హార్మోన్లను చెడగొడుతుంది. ఐరోపా సమాఖ్యలో 2021 జనవరి 4 నుంచి ఈ రకం సర్ఫాక్టెంట్లు వాడాలంటే ప్రత్యేక అనుమతి ఉండాలి. వ్యర్థాన్ని వేరే డబ్బాలో పోగుచేయండి. హెచ్‌పీఎల్‌సీ-యూవీకి (పదార్థాలను విడదీసి అతినీలలోహిత కాంతితో కొలిచే పరికరానికి) పంపేవాళ్లకు ఇంకో ఇబ్బంది: ట్రైటాన్‌లోని బెంజీన్ వలయం 275 నానోమీటర్ల దగ్గర గట్టిగా శోషించి మీ పీకును మింగేస్తుంది. ఆ పనికి వలయం లేని జెనపాల్ ఎక్స్-080 అనే సర్ఫాక్టెంట్ వాడండి. దాని క్లౌడ్ పాయింటు 40 డిగ్రీల పైన, కాబట్టి బాత్ వేడి పెంచాలి.