పాత కెమెరాలు కొనేవాళ్లకు: కొన్ని అపోహలు, వాస్తవాలు

బెజవాడ, గుంటూరు ఇళ్ల అటకల మీదా, మూతపడ్డ స్టూడియోల్లోనూ పాత కెమెరాలు ఇంకా బయటపడుతూనే ఉన్నాయి. వాటిలో చాలావాటిని పాడుచేసింది వయసు కాదు. దాచిన తీరూ, తెలియక చేసిన రిపేర్లూ.

అపోహ: తోలు కేసులో పెట్టి బీరువాలో దాస్తే కెమెరా భద్రం.

మన వాతావరణంలో కెమెరాకి ఇంతకంటే చెడ్డ చోటు లేదు. తోలు తేమను పీల్చి పట్టి ఉంచుతుంది. తేమ 60 శాతం దాటి, గాలీ వెలుతురూ తగలకపోతే లెన్స్ మీద ఫంగస్ మొదలవుతుంది. జులై నుంచి నవంబరు దాకా కృష్ణ ఒడ్డున తేమ అంతకంటే తగ్గే రోజులు తక్కువ. అందుకే కేసును విడిగా ఉంచండి. గట్టి మూతున్న 20 లీటర్ల ప్లాస్టిక్ డబ్బాలో తేమను పీల్చే సిలికా జెల్ గింజలు 200 గ్రాములు, తేమ కొలిచే చిన్న హైగ్రోమీటర్ వేసి కెమెరాలు అందులో పెట్టండి. తేమ 40–50 శాతం మధ్య ఉండాలి. 30 కంటే దిగితే మడత కెమెరాల బెల్లోస్ (లెన్స్ వెనక ముడుచుకునే భాగం) తోలు బిరుసెక్కుతుంది. సిలికా జెల్ నీలం గింజలు గులాబీ రంగుకు తిరిగాక సన్నసెగ మీద మళ్లీ నీలం వచ్చేదాకా వేడిచేయండి. వాటిలో కోబాల్ట్ ఉంటుంది, వంట గిన్నెలు వాడకండి. పదిహేను రోజులకోసారి కెమెరా బయటికి తీసి అన్ని స్పీడుల్లో షట్టర్ నొక్కండి. లోపల పెట్టేటప్పుడు షట్టర్ ఎక్కించి ఉంచకూడదు.

అపోహ: లెన్స్‌లో మచ్చ ఏదైనా తుడిస్తే పోతుంది.

కొనేముందు అపర్చర్ (లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రం) పూర్తిగా తెరిచి, షట్టర్‌ను ‘బి’లో (నొక్కినంతసేపూ తెరిచి ఉండే స్పీడు) పట్టుకుని, వెనక నుంచి టార్చ్ వేసి ముందు నుంచి కాస్త ఏటవాలుగా చూడండి. సాలెగూడు లాంటి దారాలు కనిపిస్తే ఫంగస్. అది అద్దం మీది పల్చటి కోటింగ్‌ను తినకముందైతే శుభ్రం చేయొచ్చు. తినేశాక దారం పోయినా దాని గాటు అద్దం మీద ఉండిపోతుంది. అద్దమంతా ఒకేలా మసకగా ఉంటే ఆవిరైన గ్రీజు పొర కావచ్చు, విప్పగలిగితే శుభ్రం చేయడం తేలిక. అంచున రంగురంగుల చారలు ఉంటే రెండు అద్దాలను అతికించిన కెనడా బాల్సం జిగురు ఊడుతున్నట్టు. దాన్ని ఎంత చవగ్గా ఇచ్చినా తీసుకోవద్దు.

1960, 70ల నాటి తకుమార్ 50 ఎంఎం ఎఫ్/1.4 లెన్స్ పసుపెక్కితే మాత్రం కంగారుపడకండి. దాని అద్దంలో థోరియం ఉంటుంది, ఆ పసుపు దానివల్లే. యూవీ (అతినీలలోహిత) ఎల్‌ఈడీ కింద కొన్ని రోజులు ఉంచితే తగ్గుతుంది. ఎండలో పెట్టి వదిలేస్తే లెన్స్ కిరణాలను ఒకచోట చేర్చి నిప్పు పుట్టించగలదు.

అపోహ: బిగుసుకున్న షట్టర్‌కి చుక్క నూనె చాలు.

కంపూర్, ప్రాంటార్ లాంటి లీఫ్ షట్టర్ల (లెన్స్‌లోనే ఉండేవి) రేకుల్లాంటి బ్లేడ్లు పొడిగా కదలాలి. నూనె తగిలితే ఒకదానికొకటి అంటుకుంటాయి. 1/100 సెకను స్పీడు బాగా పనిచేసి ఒక సెకను దగ్గర ఆగిపోతోందంటే, తప్పు సాధారణంగా నెమ్మది స్పీడుల పళ్లచక్రాల్లో గడ్డకట్టిన పాత గ్రీజుది. ముందువైపు అద్దం విప్పి, లైటర్ ఫ్లూయిడ్ అద్దిన దూదిపుల్లతో తుడిచి, ఆరనిచ్చి, మళ్లీ తుడవాలి. తుప్పు వదిలించే స్ప్రే కొట్టకండి. సెల్ఫ్ టైమర్ మీటను అసలు కదపొద్దు, చాలా షట్టర్లు అక్కడే ఇరుక్కుపోతాయి.

అపోహ: వెలుతురు కొలిచే మీటర్ తప్పు చూపిస్తే కెమెరా పోయినట్టే.

చాలాసార్లు తప్పు బ్యాటరీది. ఆనాటి 625 మెర్క్యురీ సెల్ 1.35 వోల్టులు. ఇప్పుడు దొరికే ఆల్కలైన్ 1.5 వోల్టులు కాబట్టి చాలా మీటర్లు వెలుతురు ఎక్కువని చూపి ఫోటో చీకటిగా వచ్చేలా చేస్తాయి. బెజవాడ సూర్యారావుపేటలోనో గుంటూరు కొత్తపేటలోనో వినికిడి మిషన్ల షాపులో 675 జింక్-ఎయిర్ సెల్ అడగండి. అది 1.4 వోల్టులు. సైజు చిన్నది, చుట్టూ రబ్బరు రింగు వేయాలి.

అపోహ: మంచి పాత కెమెరా అంటే జర్మనీదే.

బరోడాలో తయారైన ఆగ్ఫా క్లిక్-3 ఈ దేశపు ఫోటోగ్రఫీ చరిత్రలో ఎంతో ముఖ్యమైన కెమెరా. 120 రకం రోల్ ఫిల్మ్‌పై 12 ఫోటోలు తీస్తుంది, ఆ ఫిల్మ్ ఇప్పటికీ దొరుకుతుంది. ఇక బంగారు రంగు, గద్ద గుర్తు ఉన్న జర్మన్ కెమెరా ‘లైకా’ చవగ్గా వస్తోందంటే లెన్స్ విప్పి లోపల పైన చూడండి. అసలైనదానికి గుండ్రటి రోలర్ ఉంటుంది, రష్యన్ ఫెడ్, జోర్కీలను మార్చి చేసినవాటికి కోసుగా ఉన్న మీట ఉంటుంది.

అపోహ: పాత గాజు నెగటివ్‌లను కడిగితే శుభ్రమవుతాయి.

రాజా దీన్ దయాళ్ (1844–1905) కాలం నాటి ఫోటోగ్రాఫర్లు వాడింది గాజు పలకలే. 1871లో ఇంగ్లండ్ డాక్టర్ మాడక్స్ చూపిన పద్ధతి నుంచి వచ్చిన డ్రై ప్లేట్ల మీద బొమ్మ ఉండేది జెలటిన్ పొరలో. నీరు తగిలితే అది ఉబ్బి గాజు నుంచి లేచిపోతుంది. అంతకుముందటి కొలోడియన్ పలకలకు స్పిరిట్ తగిలితే పొరే కరిగిపోతుంది. మెరిసే వైపు ఉన్నది గాజు, దాన్ని తడి పిండేసిన గుడ్డతో తుడవొచ్చు. మెరుపులేని వైపు మెత్తటి బ్రష్ తప్ప ఏదీ తగలనివ్వొద్దు. ఒక్కొక్కటీ కాగితం కవర్లో వేసి, నిలువుగా ఉంచండి. ఒకదాని మీద ఒకటి పేర్చితే అడుగువి బరువుకి పగులుతాయి. కాపీ తీయడానికి ట్యాబ్లెట్‌లో తెల్లటి స్క్రీన్ పెట్టి, దానికి నాలుగైదు సెంటీమీటర్ల పైన పలకను నిలిపి, నిటారుగా ఫోటో తీసి, ఫోన్‌లో రంగులు తిరగేయండి. పగిలినవాటికి టేపు వేయకుండా, ముక్కలను అట్ట మీద ఒకదాని పక్కన ఒకటి పెట్టి అలాగే తీయండి.