ద్రవం తాగితే నోరెందుకు ఎండుతుంది?

నాసిక్‌లో ఉద్యోగం చేస్తున్న మా మేనల్లుడు మొన్న మే నెలలో పర్లాకిమిడి వచ్చినప్పుడు ఒక రెడ్ వైన్ సీసా తెచ్చాడు. ఎండలో వేడెక్కి ఉంటుందన్న భయంతో దాన్ని వచ్చీరాగానే ఫ్రిజ్‌లో పెట్టి, రాత్రి నేరుగా అందులోంచి తీసి గ్లాసుల్లో పోశాము. ఒక గుక్క తాగి అతడు ముఖం చిట్లించి, "మావయ్యా, తాగింది ద్రవమే కదా, నోరేమిటి పచ్చి అరటికాయ కొరికినట్టు ఎండిపోయింది?" అని అడిగాడు. చాలాకాలం పిల్లలకు రసాయనశాస్త్రం చెప్పినవాణ్ణి గనుక, ఆ ప్రశ్న వినగానే నాకు సీసా సంగతి మరుపుకొచ్చింది. వైన్ ఎలా తయారవుతుందో, చక్కెరను ఈస్టు ఆల్కహాలుగా ఎలా మారుస్తుందో పాఠ్యపుస్తకాలన్నింటిలోనూ ఉంది కాబట్టి ఆ భాగం వదిలేసి, అతడు పచ్చి అరటికాయతో పోల్చిన ఆ ఒక్క గుణాన్ని పట్టుకుంటాను.

దాని పేరు వగరు. వైన్ అమ్మేవారు వాడే 'డ్రై' అన్న మాటకు దీనితో సంబంధం లేదు; ఆ మాటకు అర్థం వైన్‌లో తీపి మిగలలేదని మాత్రమే. నోరు ఎండబెట్టే గుణానికి మనకు వేరే మాట ఉంది, ఇక్కడి మా ఒడియా ఇరుగుపొరుగు వారు 'కషా' అంటారు, ఆయుర్వేదం కషాయరసం అంటుంది. ఉగాది పచ్చడిలో మామిడి పిందె వేసేది దాని కోసమే. షడ్రుచులలో మనం లెక్కించిన ఈ వగరును మాత్రం ఆధునిక శాస్త్రం రుచిగా ఒప్పుకోదు. తీపి, పులుపు, ఉప్పు, చేదు, వీటికి తోడు 1908లో జపాన్‌లో కికునాయె ఇకెడా సముద్రపు నాచు పులుసులో గుర్తించిన ఉమామి, ఈ ఐదే దాని జాబితా. మన ఆరింటిలో కారం, వగరు బయట ఉండిపోయాయి. కారం నిజానికి వేడిని పసిగట్టే నాడుల పని; మిరపలోని క్యాప్సైసిన్ తగిలితే స్పందించే గ్రాహకాన్ని, అంటే ఆ కబురును అందుకునే నాడి ప్రోటీనును, 1997లో డేవిడ్ జూలియస్ బృందం కనిపెట్టింది, 2021లో ఆయనకు నోబెల్ బహుమతి కూడా వచ్చింది. వగరు ప్రధానంగా స్పర్శ. గరుకు గోడను వేలు ఎలా గుర్తిస్తుందో, వగరును నోరు అలా గుర్తిస్తుంది.

నాలుక కొనన తీపి, వెనుక చేదు, పక్కల పులుపు అని పటం గీసి రంగులు వేయించే పాఠం ఇప్పటికీ కొన్ని బడులలో సాగుతూనే ఉంది. 1901 నాటి ఒక జర్మన్ పరిశోధనను తరువాతివారు తప్పుగా చదవడం వల్ల పుట్టిన పటం అది. ఐదు రుచులూ నాలుక మీద రుచిమొగ్గలున్న అన్ని చోట్లా తెలుస్తాయి. నేనూ ఒకప్పుడు ఆ పటం గీయించినవాణ్ణే గనుక ఎవరినీ తప్పు పట్టడం లేదు.

ఇక అసలు సంగతికి వస్తాను. నోట్లో నీటితోపాటు కొన్ని ప్రోటీన్లు ఎప్పుడూ ఊరుతూ ఉంటాయి; చెక్కిలికీ పంటికీ, నాలుకకూ అంగిలికీ మధ్య రాపిడి లేకుండా చూసేది ఆ జిగురే. వాటిలో ఒక ముఖ్యమైన జాతి ప్రోటీన్లలో ప్రోలిన్ అనే అమైనో ఆమ్లం విపరీతంగా ఉంటుంది. మామూలు ప్రోటీను దారపు ఉండలాగ తనలోకి తాను గట్టిగా చుట్టుకొని ఉంటుంది. ప్రోలిన్ దండిగా ఉన్న ప్రోటీను అలా చుట్టుకోలేక, విప్పి పరిచిన నూలులా బారుగా పడి ఉంటుంది. ద్రాక్ష తొక్కలోనూ గింజలోనూ కాడలోనూ ఉండే టానిన్లు అనే వగరు పదార్థాలు పొలం గట్టున నడిచినప్పుడు పంచెకు పట్టుకునే ఉత్తరేణి గింజల వంటివి. ఉండ మీద పడితే పైపైన అంటుకుంటాయి, పరిచిన నూలు మీద పడితే పోగు పోగునా పట్టుకుంటాయి. అంతటితో ఆగక, ఒక్కొక్క టానిన్ అణువు అటొక పోగునూ ఇటొక పోగునూ పట్టుకోవడంతో నూలంతా చిక్కుపడి ముద్ద కడుతుంది. ఆ ముద్ద నీటిలో కరిగి ఉండలేక తరకలుగా విడిపోతుంది. నోట్లో నీరు అలాగే ఉంటుంది, దానికి జారుడుతనాన్ని ఇచ్చిన సరుకు మాత్రం పోతుంది. చెక్కిలి పంటికి రాసుకుంటుంది, ఆ రాపిడిని ముఖంలోని స్పర్శను మోసే త్రిధార నాడి మెదడుకు చేరవేస్తుంది, మనం "నోరు ఎండింది" అంటాము. తడిసిన నోరే ఎండినట్టు అనిపించడానికి కారణం ఇదే.

దీన్ని చూడడానికి వైన్ అక్కరలేదు. చిక్కటి టీ డికాషన్‌ను పాలు, పంచదార లేకుండా చల్లార్చి, అందులో నీళ్లలో గిలకొట్టి వడగట్టిన కోడిగుడ్డు తెల్లసొన ఒక చెంచా కలపండి. తేటగా ఉన్న డికాషన్ మసకబారి, కాసేపటికి తరకలు అడుగుకు దిగుతాయి. పైన తేరిన నీటిని రుచి చూస్తే మొదటి వగరు చాలావరకు పోయి ఉంటుంది. నోట్లో జరిగినది గ్లాసులో జరిగింది, అంతే. టీలో పాలు పోయగానే వగరు తగ్గడానికీ కారణం ఇదే: పాలలోని కేసీన్ అనే ప్రోటీను టానిన్లకు ముందే దొరికిపోయి మన లాలాజలాన్ని కాపాడుతుంది.

ఈ ఒక్క చర్య ఎన్ని వేషాలు వేస్తుందో చూస్తుంటే నాకు ఎప్పటికీ విసుగు రాదు. కరక్కాయతోనూ తంగేడు చెక్కతోనూ పచ్చితోలును పదును చేయడం మన ప్రాంతాలలో పాత విద్య. తోలులోని కొల్లాజెన్ అనే ప్రోటీనులో కూడా ప్రోలిన్ ఎక్కువే కాబట్టి టానిన్ దాన్నీ పోగు పోగునా పట్టుకొని, కుళ్లని గట్టి తోలుగా మారుస్తుంది. 'టానిన్' అన్న పేరే తోలు పదును చేసే పని నుంచి వచ్చింది. ఫ్రాన్స్‌లోని బోర్డోలో కొత్త వైన్ మరీ వగరుగా ఉంటే 225 లీటర్ల పీపాలో నాలుగైదు గుడ్ల తెల్లసొన కలిపి, మడ్డి దిగాక పై తేటను వేరు చేసేవారు; కొందరు ఇప్పటికీ చేస్తారు. మా గజపతి జిల్లాలోనూ, పక్కన ఉద్దానంలోనూ జీడిమామిడి తోటల కింద కుప్పలుగా రాలే జీడిపండు నిండా రసమే అయినా గొంతు పట్టేసే వగరు వల్ల ఎక్కువగా నేలపాలవుతుంది. ఆ రసంలో సగ్గుబియ్యం గంజి కలిపి తేర్చే పద్ధతి ఒకటి ఉంది. అక్కడ ప్రోటీనుకు బదులు పిండిపదార్థం టానిన్లను కిందికి లాగుతుంది. ఎలుకలకు టానిన్లున్న మేత పెడితే వాటి లాలాజల గ్రంథులు ప్రోలిన్ ప్రోటీన్లను ఎన్నో రెట్లు ఎక్కువగా ఊరిస్తాయని 1983లోనే చూపించారు. ఆకులు మేసే జింకలకు కూడా అటువంటి ప్రోటీన్లు దండిగా ఉన్నాయి. కాబట్టి మనకు నోరెండినట్టు అనిపించే ఈ గొడవ, టానిన్లు కడుపులోకి వెళ్లి అక్కడి ప్రోటీన్లను పాడు చేయకుండా వాకిట్లోనే పట్టుకునే కాపలా కావచ్చు.

వైన్ రుచి చూడడం గురించి రాసేవారు పళ్లు, పూలు, పొగాకు, తడిమట్టి అంటూ వాసనల పట్టికలు ఇస్తారు. ఆ పట్టికల మీద నాకు పెద్ద నమ్మకం లేదు. 2001లో ప్రచురితమైన ఒక బోర్డో పరిశోధనలో వైట్ వైన్‌కు వాసన లేని ఎర్ర రంగు కలిపి 54 మంది వైన్ విద్యార్థులకు ఇస్తే, వారు దాన్ని రెడ్ వైన్‌కు వాడే మాటలతోనే వర్ణించారు. ముక్కు అంత తేలికగా కంటి మాట వింటుంది. అందుకని కొత్తవారు వగరుతో మొదలుపెట్టడం మేలని నా అభిప్రాయం. గుక్కను నోరంతా తిప్పి, మింగిన తరువాత చిగుళ్లు పట్టాయా చెక్కిళ్లు పట్టాయా, పట్టు పచ్చి వక్కలా గరుకుగా ఉందా పండిన నేరేడులా మెత్తగా ఉందా, ఎంతసేపటికి వదిలింది అని చూసుకుంటే చాలు. నేరేడు తిని పెరిగినవారికి ఈ కొలతలు వేరే నేర్పనక్కరలేదు.

ప్రాంతాల భేదం కూడా ఈ తక్కెడలో చాలావరకు తూగుతుంది. వైట్ వైన్‌లో సాధారణంగా తొక్కలు తీసేసిన రసాన్నే పులియబెడతారు కాబట్టి వగరు తక్కువ. రెడ్ వైన్ తొక్కలతోనే పులుస్తుంది. నైరుతి ఫ్రాన్స్‌లోని మాదిరాన్‌లో పండే తన్నా ద్రాక్ష వగరుకు పేరు మోసింది, అది ఉరుగ్వేకు వలస వెళ్లి అక్కడి ప్రధాన రకమైంది. ఇటలీలో 'బరోలో' అనే వైన్‌ను 'నెబ్బియోలో' అనే ద్రాక్షతో చేస్తారు. రంగు పలుచన, వగరు మాత్రం గట్టిది, అందుకే 38 నెలలకు తగ్గకుండా మాగబెట్టాలని అక్కడ నిబంధన. ఫ్రాన్స్‌లోని బర్గండీలో పండే పినో నువార్ ద్రాక్ష తొక్క పలుచన కాబట్టి పట్టు మెత్తన. జార్జియాలో నేలలో పాతిన పెద్ద మట్టి కాగులలో తెల్లద్రాక్షను కూడా తొక్కలతోనే పులియబెడతారు. అందువల్ల చూడడానికి తేనెరంగులో ఉండే ఆ వైన్ తాగితే టీలా వగరుగా ఉంటుంది. ఆ పద్ధతిని యునెస్కో 2013లో సాంస్కృతిక వారసత్వంగా గుర్తించింది. నాసిక్ సముద్రమట్టానికి సుమారు 600 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ తీగను ఏడాదికి రెండుసార్లు కత్తిరించి, యూరప్‌లో తీగలు నిద్రపోయే జనవరి నుంచి మార్చి వరకు కోత కోస్తారు, చలిరాత్రులు పులుపును నిలబెడతాయి. మన జీలుగు కల్లును ఈ తక్కెడలో పెట్టకూడదు. గుణుపురం, రాయగడ కొండల్లో దాని మంచి చెడ్డలను పొద్దున దించినదా సాయంత్రం దించినదా అన్నదాన్ని బట్టి చెబుతారు, అక్కడ లెక్క వగరుది కాదు, పులుపుది.

మా సీసా విషయంలో తప్పు చేసింది నేనే. చల్లదనం వగరును ఎక్కువ చేసి చూపుతుంది, సువాసనను అణచివేస్తుంది. రెడ్ వైన్‌ను 'గది ఉష్ణోగ్రత'లో ఇవ్వాలన్న మాట 16, 18 డిగ్రీలుండే యూరప్ గదులలో పుట్టింది. పర్లాకిమిడి మే నెల గదిలో దాన్ని పాటిస్తే ఆల్కహాలు ముక్కులో గుచ్చుకుంటుంది. ఫ్రిజ్‌లోంచి తీసి కాసేపు బయట ఉంచితే సరిపోయేది.

భోజనంతో జత కూడా చాలావరకు ఆ టానిన్ల చర్య మీదే ఆధారపడి ఉంది. వగరు గుక్క గుక్కకూ పేరుకుంటుంది, కొవ్వు దాన్ని తుడిచేస్తుంది. 2012లో ఫిలడెల్ఫియాలోని మోనెల్ కేంద్రం పరిశోధకులు కొవ్వున్న ఎండు మాంసాన్నీ వగరు పానీయాన్నీ మార్చి మార్చి ఇచ్చి, రెండూ ఒకదాన్నొకటి అదుపులో పెడతాయని చూపించారు. మరునాడు మేము మిగిలిన వైన్‌ను వేటమాంసం కషాతో తాగాము. ఒడియాలో ఆ వంట 'కషా'కు అర్థం బాగా వేయించి దగ్గరకు దించినదని, వగరు 'కషా'తో దానికి చుట్టరికం లేదు, అయినా పళ్లెంలో రెండూ చక్కగా కుదిరాయి. కారం మాత్రం తగ్గించి వండమని అక్కకు ముందే చెప్పాను. ఆల్కహాలు, మిరపకు స్పందించే ఆ వేడి గ్రాహకం మేల్కొనే ఉష్ణోగ్రతను సుమారు 42 డిగ్రీల నుంచి 34 డిగ్రీలకు దించేస్తుంది, అంటే ఒంటి వేడే నోటికి మంటగా తోస్తుంది. మన గుంటూరు కారపు కూరల పక్కన గట్టి రెడ్ వైన్ నిలబడకపోవడానికి మూలం అదే, అక్కడ కాస్త తీపి ఉన్న వైట్ వైన్ నయం. చేపతో రెడ్ వైన్ వద్దనడం వట్టి ఆచారమని నేను చాలాకాలం అనుకున్నాను, కాని 2009లో జపాన్ పరిశోధకులు కారణం పట్టుకున్నారు: వైన్‌లో ఇనుము లీటరుకు 2 మిల్లీగ్రాములు దాటితే సముద్రపు తిండితో కలిసి నీచు వాసన పుట్టిస్తుంది. ఇనుము తక్కువున్న రెడ్ వైన్‌తో ఆ బాధ లేదు, చిల్కా రొయ్యలతో ప్రయత్నించదలచినవారికి నాసిక్‌లో చేసే షెనాఁ బ్లాఁ అనే వైట్ వైన్ ఇంకా తేలిక దారి.

రెడ్ వైన్ గుండెకు మందని ఆ భోజనంలోనే మా బావగారు అన్నారు. ఆల్కహాలు ఎంత తక్కువైనా సురక్షితం కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో స్పష్టంగా చెప్పిందని నేను గుర్తు చేశాను. వైన్ ముట్టని మా అక్క ఇదంతా విని, భోజనం తరువాత ఒక వక్కపలుకు నోట్లో వేసుకొని, "మీ సీసాలో ఉన్నది ఇదే కదరా" అంది. వక్కలో ఉన్నవీ అదే జాతి టానిన్లు.