నాందేడ్ గోదావరిలో కయాకింగ్: అపోహలు, వాస్తవాలు

నాందేడ్‌లో గోదావరి ఘాట్‌ల దగ్గర కొత్తవాళ్లకు కయాకింగ్, అంటే తెడ్డుతో సన్నని చిన్న పడవ నడపడం, నేర్పుతుంటాను. వచ్చేవాళ్లలో మన తెలుగువాళ్లు చాలామందే ఉంటారు. కొందరు ఊళ్లోనే స్థిరపడినవాళ్లు, కొందరు సెలవు రోజున ధర్మాబాద్, బిలోలి, దెగ్లూర్ నుంచి పిల్లల్ని తీసుకుని వచ్చేవాళ్లు. వానలు పోయాక ఇక్కడ నీళ్లు నెమ్మదిస్తాయి. పొద్దున్నే ఓ గంట హాయిగా తెడ్డు వేసి, ఒడ్డున చాయ్ తాగి ఇంటికి వెళ్లిపోవచ్చు. అయితే ఒక విషయం నన్ను ఎప్పుడూ కలవరపెడుతుంది. భయపడక్కర్లేని వాటికి అందరూ టెన్షన్ పడతారు. ప్రాణం తీసే వాటిని మాత్రం పట్టించుకోరు.

అపోహ: ఈ పడవకు చిల్లులున్నాయి, నీళ్లెక్కి మునిగిపోతుంది.

పడవ చూడగానే వచ్చే మొదటి మాట ఇదే. మేం కొత్తవాళ్లకు ఇచ్చేది పైన కూర్చునే రకం కయాక్. సీటు దగ్గర కనిపించే ఆ రంధ్రాలు పైనుంచి అడుగు దాకా నిలువుగా వెళ్లే గొట్టాలు. పడవ లోపలి బోలు భాగానికీ వాటికీ సంబంధం ఉండదు. తెడ్డు నుంచి కారిన నీళ్లు, అలకు ఎగిరిపడిన నీళ్లు సీటులో నిలవకుండా వాటిలోంచి కిందికి పోతాయి. మోయాల్సిన దానికన్నా ఎక్కువ బరువు ఎక్కితేనే నీళ్లు ఎదురు వచ్చి సీటు తడుస్తుంది.

మీరు చూసుకోవాల్సిన రంధ్రం వేరే ఉంది. పడవ వెనక కొసన చిన్న మరబిరడా ఉంటుంది. లోపల చేరిన నీళ్లు వంపడానికి పెట్టినది అది. అది ఊడినా, వదులుగా ఉన్నా పడవ బోలులోకి మెల్లగా నీళ్లెక్కుతాయి. బయల్దేరే ముందు దాన్ని మీ చేత్తో బిగించి చూసుకోండి.

అపోహ: ఈత రానివాళ్లు ఎక్కకూడదు. ఈత వచ్చినవాళ్లకు లైఫ్ జాకెట్ అక్కర్లేదు.

రెండూ తప్పే. రెండోది మరీ ప్రమాదం. తలకు దెబ్బ తగిలినా, చలికి ఊపిరి పట్టేసినా, కాలికి తీగ చుట్టుకున్నా ఎంత గజ ఈతగాడైనా ఏం చేయగలడు? జాకెట్ లేకుండా నేను ఎవరినీ నీళ్లలోకి పంపను. "అన్నా, నేను ఇదే గోదావరిలో ఈదుతూ పెరిగా" అని ఎంత బతిమాలినా సరే.

ఈత రానివాళ్లు మంచి జాకెట్ వేసుకుని, పక్కన తెలిసినవాళ్లు ఉండగా, ఒడ్డుకు దగ్గరగా తిరగొచ్చు. "నేను తొంభై కిలోలు బిడ్డా, ఈ స్పంజీ ముక్క నన్ను ఆపుతుందా?" అని ఓ పెద్దమ్మ అడిగింది. ఆపుతుంది పెద్దమ్మా. మన ఒంటి బరువులో దాదాపు అంతా నీళ్లే మోస్తాయి. తల పైకి ఉండటానికి కావాల్సింది ఇంకో నాలుగైదు కిలోలు పైకి ఎత్తే బలం మాత్రమే. ఆ తేల్చే బలాన్ని న్యూటన్లలో కొలుస్తారు, 50 న్యూటన్ల జాకెట్ ఇచ్చేది సుమారు 5 కిలోలు. కాకపోతే అది ఈత వచ్చి, ఒడ్డుకు దగ్గరగా ఉండేవాళ్ల కోసం చేసినది. ఈత రానివాళ్లకు, పిల్లలకు 100 న్యూటన్ల రకం ఇవ్వాలి. స్పృహ తప్పినా మనిషిని వెల్లకిలా తిప్పేలా దాన్ని చేస్తారు. ఈ అంకె జాకెట్ లోపలి లేబుల్ మీద ఉంటుంది, అడిగి చూడండి.

జాకెట్ సరిపోయిందో లేదో ఇలా చూస్తాం. బకిల్స్ అన్నీ పెట్టి, పట్టీలు బిగించాక, వెనక నిలబడి భుజాల దగ్గర రెండు చేతులతో పైకి లాగుతాం. అది చెవుల దాకా లేచిందంటే వదులన్నమాట. నీళ్లలో పడగానే జాకెట్ పైకి లేస్తుంది, మనిషి కిందికి జారతాడు. బకిల్ విరిగి తాడుతో కట్టిన జాకెట్ ఎవరైనా ఇస్తే తీసుకోకండి.

అపోహ: తిరగబడితే పడవ కింద ఇరుక్కుపోతాం.

పైన కూర్చునే రకంలో ఇరుక్కునే వీలే లేదు, పక్కకు జారిపడతారు. నడుం లోతు నీళ్లలో ముందే ఒకసారి కావాలని పడేయిస్తాను. ఆ తర్వాత ముఖాల్లో భయం పోతుంది. పడ్డాక పడవను వదలకూడదు. ఒడ్డు దగ్గరే కదా అని ఈదుకుంటూ వెళ్లొద్దు. పడవ మధ్యకు వచ్చి, అవతలి అంచు అందుకుని తిప్పండి. కాళ్లు వెనక్కి చాపి నీటిని తన్నుతూ ఒళ్లు నీటిమట్టానికి తేవాలి. అప్పుడు పొట్ట మీద పడవలోకి పాకి, నడుం తిప్పి కూర్చుని, చివర్లో కాళ్లు లోపలికి. ముందే కాలు ఎత్తి ఎక్కబోతే మళ్లీ బోర్లా పడుతుంది.

అపోహ: నీళ్లు కదలకుండా ఉన్నాయి, పైన ఎండ కాస్తోంది. ఇంకేం భయం?

అన్నిటికన్నా నన్ను భయపెట్టేది ఈ మాటే. నాందేడ్ పైన విష్ణుపురి బ్యారేజీ ఉంది. దానికి ఎగువన పూర్ణ నది గోదావరిలో కలుస్తుంది. పూర్ణ మీద యెల్దరి, సిద్ధేశ్వర్ డ్యాములు, గోదావరి మీద పైఠణ్ దగ్గర జాయక్వాడీ ఉన్నాయి. అజంతా కొండల్లో ఎప్పుడో కురిసిన వాన, ఇక్కడ ఆకాశం తేటగా ఉన్న రోజున గేట్లు దాటుకుని ఊరి ముందుకు వస్తుంది. అందుకే జులై నుంచి అక్టోబర్ దాకా మేం పడవలు దించం. తక్కిన నెలల్లో కూడా గేట్ల కబురు తెలుసుకున్నాకే దిగుతాం. నీళ్లు రంగు మారి చెత్త కొట్టుకొస్తున్నా, మెట్టు మీద పెట్టిన గుర్తు మునుగుతున్నా వెంటనే ఒడ్డుకు రావాలి.

ధర్మాబాద్ వాళ్లు తమ దగ్గరి బాబ్లీ బ్యారేజీ వెనక నీళ్ల గురించి అడుగుతుంటారు. 2013 సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం అక్కడ జులై 1 నుంచి అక్టోబర్ 28 వరకు గేట్లు ఎత్తి ఉంచాలి. ఆ తర్వాత దించుతారు, చెరువులా నీళ్లు నిలుస్తాయి. మళ్లీ మార్చి 1న 0.6 టీఎంసీ కిందికి వదలాలి. గేట్లు కదిలే ఆ రోజుల్లో అటువైపు పడవ మాటే వద్దు.

ఇక బంధారాలు, అంటే నదికి అడ్డంగా కట్టిన చిన్న ఆనకట్టలు. ఎత్తు తక్కువ గోడ, దాని మీంచి పల్చగా జారే నీళ్లు, చూడటానికి ముచ్చటగా ఉంటుంది. ఎగువ నుంచి వచ్చేవాడికి నదికి అడ్డంగా ఓ సన్నని గీత తప్ప ఏమీ కనిపించదు. గోడ దిగువన మాత్రం జారిన నీరు అడుక్కి వెళ్లి, పైకి తేలి, మళ్లీ గోడ వైపే తిరిగొస్తుంది. అందులో పడ్డ దుంగ గంటల తరబడి అక్కడే దొర్లుతుంది, మనిషీ అంతే. నురగలో గాలి ఎక్కువ కాబట్టి జాకెట్ కూడా సరిగ్గా తేల్చలేదు. గోడకు పైనా, కిందా చాలా దూరంలోనే ఆగిపోండి. ఎవరైనా అందులో పడితే కాపాడాలని దూకకండి. ఒడ్డు నుంచి తాడు వేయండి.

అపోహ: ప్రవాహం లేదు కాబట్టి రావడం, పోవడం ఒకటే.

గాలి మాటేమిటి? నిలిచిన నీళ్లలో పడవను నడిపేది గాలే. పొద్దున ఏడింటికి ఆకు కదలదు, పదకొండు దాటాక ఎదురుగాలి మొదలైతే అలసిన చేతులతో రాలేరు. ముందు గాలికి ఎదురు వెళ్లండి, తిరుగుదారిలో అదే మిమ్మల్ని తోస్తుంది. ఏప్రిల్, మే సాయంత్రాల్లో ఉరుము వినిపిస్తే వెంటనే ఒడ్డెక్కాలి. చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు ఆగాకే మళ్లీ దిగాలి.

అపోహ: చేతుల్లో బలం కావాలి.

కావాల్సింది నడుం తిప్పడం. పాదాలు ఆనించి, తెడ్డును కాలి వేళ్ల పక్కన ముంచి, మొండెం తిప్పుతూ నడుం దాకా లాగి తీసేయాలి. పిడికిలి వదులుగా ఉండాలి. అరవై దాటినవాళ్లు కూడా ఇది హాయిగా చేస్తున్నారు.

అపోహ: గంగమ్మ నీళ్లు, ఏం కాదు.

గోదావరి మీద నాకూ అంతే భక్తి ఉంది. కానీ ఊరి మురుగు ఇందులో కలుస్తోంది. గుర్రపుడెక్క, ఇక్కడివాళ్లు జలపర్ణి అంటారు, మందంగా పరుచుకున్న చోట తెడ్డు ఆడదు. నిమజ్జనాల తర్వాత ఇనప చువ్వలు, తీగలు నీళ్లలో ఉంటాయి, చెప్పులు విప్పి దిగొద్దు. ఒంటి మీద పుండు ఉంటే ఆ రోజుకు మానుకోండి. ఇంటికెళ్లి సబ్బుతో స్నానం చేయండి. ఆ తర్వాత రెండు మూడు వారాల్లో జ్వరం వస్తే, నదిలోకి దిగామని డాక్టర్‌కు తప్పక చెప్పండి. ఎలుక జ్వరం ఇలాంటి నీళ్ల నుంచే అంటుకుంటుంది.

చివరగా వలల సంగతి. వరసగా తేలే థర్మకోల్ ముక్కలో, ఖాళీ సీసాలో కనిపిస్తే వాటి కింద ఎవరిదో వల ఉంది. మీద నుంచి పోకండి, చుట్టూ తిరిగి వెళ్లండి. ఆ వల వాళ్ల తిండి. దిగే ముందు ఆ చేపలు పట్టే కాకాలను పలకరించండి. నిన్న రాత్రి నీళ్లు ఎంత పెరిగాయో, ఏ ఒడ్డున బురద దిగబడుతుందో ముందు తెలిసేది వాళ్లకే.