చివరి చుట్టే బిగింపు

హన్మకొండలో పెళ్లి కార్డులు, కరపత్రాలు వేసే ఆఫ్‌సెట్ ప్రెస్ నడుపుతున్న ఒక పాఠకుడు ఫోన్ చేసి అడిగారు: "సార్, మూడేండ్ల సంది పనోళ్లకు ఏటా పది శాతం ఎక్కువ చెయ్యాలని టార్గెట్ పెడుతున్న. ఒక నెల పెరుగుతది, తర్వాత మళ్ల మొదటికే వస్తది. ఇంకా పెద్ద టార్గెట్ పెడితే పని ఇడిచిపెట్టి పోతరేమోనని టెన్షన్. దీనికి సైన్స్ ఏమన్న చెప్తదా?"

చెబుతుంది. ఆయన టార్గెట్ పెద్దదై కాదు, చిన్నదై దెబ్బతింటోందని నా అభిప్రాయం. పది శాతమంటే చేస్తున్న పనినే కాస్త చురుగ్గా చేస్తే సరిపోతుంది. చాయ్ తాగే టైమ్ తగ్గించుకుంటారు, చేతులు వేగంగా ఆడిస్తారు. నెల తిరిగేసరికి ఒళ్లు అలిసి పాత వేగానికే వస్తారు. అదే గంట పని మూడు నిమిషాల్లో కావాలన్నామనుకోండి, ఎంత ఒళ్లు వంచినా కాదు. పద్ధతినే మార్చాలి.

మూడు నిమిషాలని ఊరికే అనలేదు. 1969లో జపాన్‌లోని టయోటా కార్ల కంపెనీలో ఇదే జరిగింది. కారు రేకులను వెయ్యి టన్నుల బలంతో ఒత్తే ప్రెస్ ఉండేది. ఒక రకం రేకు అయిపోయి ఇంకో రకం మొదలుపెట్టాలంటే కింద అచ్చు, అంటే డై, మార్చాలి. దానికి 4 గంటలు పట్టేది. అలాంటి ప్రెస్‌కే జర్మనీలో ఫోక్స్‌వ్యాగన్ వాళ్లు 2 గంటల్లో డై మారుస్తున్నారు. వాళ్లను మించాలని యాజమాన్యం పట్టుబట్టింది. షిగియో షింగో అనే ఇంజినీరు ఆరు నెలలు కుస్తీ పట్టి గంటన్నరకు తెచ్చాడు. అందరూ సంతోషించారు. ఒక నెల తర్వాత ఆయన మళ్లీ వెళ్లేసరికి కొత్త ఆర్డర్ సిద్ధంగా ఉంది: మూడు నిమిషాల్లో మార్చాలి. షింగో మొదట నిర్ఘాంతపోయాడు. ఆ తర్వాత కాసేపటికే బోర్డు మీద ఎనిమిది పద్ధతులు వరుసగా రాశాడు. మూడు నెలల్లో మూడు నిమిషాలు సాధించారు.

ఇందులో నన్ను ఏళ్లుగా పట్టి ఉంచిన విషయం ఒకటుంది. జర్మనీ వాళ్లు ఒక బెంచ్‌మార్క్. ఆ మాట సర్వే వాళ్లది. రాతి మీద చెక్కిన గుర్తు, దాన్నుంచి ఎత్తులు కొలుస్తారు. కాజీపేట స్టేషన్ పసుపు బోర్డు మీద సముద్ర మట్టం నుంచి ఎత్తు ఇన్ని మీటర్లని రాసి ఉంటుంది చూడండి, అలాంటి కొలతలకు ఆధారం ఆ గుర్తులే. ఎదుటివాడి గుర్తును దాటాలనుకున్నప్పుడు టయోటాకు ఆరు నెలలు పట్టింది, దక్కింది గంటన్నర. ఎదురుగా ఏ గుర్తూ లేని మూడు నిమిషాలకు మూడు నెలలే చాలాయి. ఎందుకు?

జవాబు వరంగల్‌లో నేతవాళ్లుండే మన కొత్తవాడలో ఉంది. మగ్గం ఉన్న ఏ పాత ఇంటికైనా వెళ్లండి. గుంటలో కూర్చున్నాయన నేస్తూ ఉంటాడు. పక్కన ఇంటామె రాట్నం మీద కండెలు, అంటే నూలు చుట్టిన చిన్న గొట్టాలు, చుట్టి గంపలో వేస్తూ ఉంటుంది. దారాన్ని అటూ ఇటూ మోసే నాడెలో కండె ఖాళీ అయిందా, చెయ్యి గంపలోకి పోతుంది, కొత్త కండె నాడెలో పడుతుంది, నేత మళ్లీ సాగుతుంది. నేసేటాయనే లేచి కండె చుట్టుకుని వచ్చి కూర్చుంటే రోజుకు సగం గుడ్డ కూడా దిగదు. కండె చుట్టడం మగ్గం ఆడుతుండగా చేయగలిగే పని. నాడెలో కండె మార్చడం మగ్గం ఆపితేనే చేయగలిగే పని. షింగో గీసిన గీత సరిగ్గా ఇదే. కొత్త డై తెచ్చి పెట్టుకోవడం, బోల్టులు లెక్కపెట్టి ఉంచుకోవడం, శుభ్రం చేయడం, ఇవన్నీ ప్రెస్ నడుస్తుండగానే ముగించాలి. ఆపాక మిగిలేది దించడం, ఎక్కించడం, బిగించడం.

ఆ గీత ఆయనకు 1950లోనే తట్టింది. హిరోషిమాలో మూడు చక్రాల బండ్లు చేసే ఫ్యాక్టరీలో ఒక కార్మికుడు డై బిగించే బోల్టు ఒకటి కనిపించక గంటకు పైగా వెతికాడు. చివరికి పక్క ప్రెస్‌కు చెందిన పొడవాటి బోల్టు తెచ్చి, కోసి, మర చెక్కి బిగించాడు. మరి పక్క ప్రెస్‌కు రేపు బోల్టు ఎలా?

ఇక బిగింపు సంగతి. నాకు అన్నిటికంటే ఇష్టమైన ముక్క ఇదే. పదిహేను చుట్లున్న బోల్టుకు నట్టు ఎక్కిస్తున్నామనుకోండి. మొదటి పద్నాలుగు చుట్లు తిరుగుతూ ఉంటాయి తప్ప దేన్నీ పట్టుకోవు. పట్టు వచ్చేది పదిహేనో చుట్టుకే. విప్పేటప్పుడూ అంతే, మొదటి చుట్టుకే వదులవుతుంది, తక్కిన పద్నాలుగూ దండగ. కాబట్టి షింగో నట్టు కింద ఒక పక్క తెరిచి ఉన్న వాషర్ పెట్టాడు. నట్టును ఒక్క చుట్టు వదులు చేస్తే వాషర్ పక్కకు జారి వచ్చేస్తుంది. బిగించిన వస్తువుకున్న రంధ్రం నట్టుకంటే వెడల్పుగా ఉంటే నట్టు విప్పకుండానే వస్తువును పైకి ఎత్తేయొచ్చు. ఇంకో చోట ఒక పాత్ర మూతకున్న బోల్టు రంధ్రాలనే బేరిపండు ఆకారంలో చేశారు. నట్లను ఒక్క చుట్టు వదులు చేసి మూతను కాస్త తిప్పితే చాలు, నట్లు వెడల్పు వైపుకు వచ్చి మూత ఊడొస్తుంది. మీ ఇంట్లో గ్యాస్ సిలిండర్ రెగ్యులేటర్ గుర్తు చేసుకోండి. మర తిప్పుతున్నామా? నొక్కి వదిలితే టక్కున పట్టుకుంటుంది. కావలసింది పట్టు, మర దానికి ఉన్న దారుల్లో ఒకటి మాత్రమే. నాలుగు గంటలను మూడున్నర చేయమంటే ఎవరికీ ఈ ఆలోచన రాదు, పానాను ఇంకాస్త గట్టిగా తిప్పుతారు.

దీని ఫలితం ఎంత దూరం పోతుందో చిన్న లెక్కలో చూడొచ్చు. ఒకసారి మొదలుపెడితే ఎన్ని వస్తువులు చేయడం లాభం అన్నదానికి 1913లో ఫోర్డ్ హారిస్ అనే అమెరికా ఇంజినీరు సూత్రం ఇచ్చాడు. ఆ సంఖ్య, మార్పిడికయ్యే ఖర్చు వర్గమూలాన్ని బట్టి ఉంటుంది. ఖర్చు సమయంతో పాటే తగ్గుతుందనుకుంటే 240 నిమిషాలు 3 కావడమంటే 80 రెట్లు. 80కి వర్గమూలం దాదాపు 9. ఇదివరకు తొమ్మిది వేల రేకులు ఒక్కసారి ఒత్తి గోదాములో దాచినవాళ్లు ఇప్పుడు వెయ్యి ఒత్తుకుంటే చాలు. ప్రెస్ ఆయనకు దీని అర్థం ఏమిటంటే, "వంద కార్డులే కావాలన్నా" అని వచ్చిన పెళ్లివారిని తిప్పి పంపక్కర్లేదు.

పనోళ్లు పారిపోతారన్న భయానికి వస్తాను. అమెరికాలో ఓక్లహామాలో దుంగలు మోసే 36 లారీలు చట్టం ఒప్పుకున్న బరువులో 60 శాతమే ఎక్కించుకుని తిరిగేవి. మన ఇసుక లారీలకు తలకిందుల సమస్య! వీలైనంత ఎక్కించండని ఎంత చెప్పినా లాభం లేకపోయింది. గ్యారీ లాథమ్, జేమ్స్ బాల్డెస్ అనే పరిశోధకులు 94 శాతమని అంకె పెట్టించారు. మొదటి నెల 80కి పెరిగింది. రెండో నెల 70కి పడింది. అంకె తప్పితే శిక్ష పడుతుందా అని డ్రైవర్లు యాజమాన్యాన్నే పరీక్షించారు. ఎవరినీ ఒక్క మాట అనలేదు. ఆ తర్వాత 90 దాటి, అక్కడే నిలిచింది. 1975లో అచ్చయిన ఈ అధ్యయనంలో ఆ రెండో నెలే నాకు ముఖ్యం. ఆ నెలలో ఎవరి జీతమైనా కోసి ఉంటే కథ మరోలా ముగిసేది.

ఇంకా నేర్చుకుంటున్నవాళ్ల మీద మాత్రం అంకె పెట్టకండి. విమానాల రాకపోకలను నియంత్రించే పనిని కంప్యూటర్ మీద అనుకరిస్తూ నేర్చుకుంటున్న అమెరికా వాయుసేన శిక్షణార్థుల మీద రూత్ కాన్ఫర్, ఫిలిప్ అకర్మన్ చేసిన ప్రయోగాలు 1989లో వచ్చాయి. మొదట్లోనే కఠినమైన లక్ష్యం పెడితే నేర్చుకోవడమే దెబ్బతింది. పదో తరగతి పిల్లల విషయంలో నాకు బాధ కలిగేది ఇక్కడే. నూటికి నూరు శాతం ఫలితాలని గోడ మీద రాసుకున్న చోట, లెక్కలు ఇప్పుడిప్పుడే పట్టుబడుతున్న పిల్లవాడు భారమైపోతాడు. అంకె పెట్టాల్సింది పద్ధతి మీద, పిల్లవాడి మీద కాదు.

పోయిన నెల ఆ ప్రెస్‌కు వెళ్లాను. మిషన్‌కు నిమ్మకాయలు, మిరపకాయలు కట్టి ఉన్నాయి. ఎవరి నమ్మకం వారిది. కానీ మిషన్ ఎందుకు ఆగుతోందో దిష్టి మీదకు తోసేస్తే, ఇక ఎవరూ గడియారం చూడరు. నేను చూశాను. ఒక జాబ్ దిగి ఇంకోటి ఎక్కడానికి 47 నిమిషాలు పట్టింది. అందులో 19 నిమిషాలు వెతుకులాటే. "తమ్మీ, పదమూడో నంబర్ పానా యాడబెట్టినవ్‌రా?" అన్న కేక మూడుసార్లు విన్నాను. రోలర్లు కడిగే గుడ్డలు ఒక గదిలో, ప్లేటు ఇంకో గదిలో, రంగు డబ్బా తాళం వేసిన బీరువాలో ఉన్నాయి.

ఓనరు గోడ మీద "10 నిమిషాలు" అని రాశారు. కింద ఎవరి పేరూ రాయొద్దని చెప్పాను, రాయలేదు. ముందు జాబ్ నడుస్తుండగానే తర్వాతి జాబ్ సామానంతా ఒక ట్రేలో పేర్చే పని హెల్పర్ కుర్రవాడు తీసుకున్నాడు. పానాను తాడు కట్టి మిషన్‌కే వేలాడదీశాడు. మొన్న ఫోన్ చేస్తే 22 నిమిషాలకు వచ్చిందన్నారు. కాగితం గైడును పట్టి ఉంచే నట్లు ఇంకా పాతవే, సైజు మారినప్పుడల్లా చివరిదాకా తిప్పాల్సిందే. వాటి స్థానంలో పిడి తిప్పితే బిగిసేవి చేసిస్తానని ములుగు రోడ్డులో లేత్ మిషన్ ఆయన ఆదివారం రమ్మన్నాడట.